బిడ్డ బరువు తక్కువగా ఎందుకు పుడుతుంది? పేద పల్లెల్లో ఈ లెక్క ఎందుకంత చిక్కుముడి

పుట్టిన బిడ్డ రెండున్నర కిలోల లోపు తూగితే ముందు అందరి చూపూ తల్లి మీదకే పోతుంది. సరిగ్గా తిన్లేదా, ట్యాబ్లెట్లు వేసుకోలేదా, చెకప్‌కి వెళ్లలేదా అని. ఆ ప్రశ్నల్లో అసలు నిజం లేదని కాదు గానీ, ఇన్నేళ్లుగా దీని మీద జరిగిన పరిశోధనలు చూస్తే ఆ తొమ్మిది నెలల్లో ఆమె ఏం చేసింది అన్నది ఇందులో ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా ఆమె కడుపుతో కాకముందే, ఇంకా చెప్పాలంటే ఆమె తన తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలైపోయి ఉంటుంది. పైగా ఊళ్లో నీళ్లు ఎంత దూరం, దోమలు ఎన్ని, కోతల ముందు ఇంట్లో గింజలు ఎన్ని మిగిలాయి లాంటివి ఆమె చేతిలో లేనివి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద 1.98 కోట్ల మంది పిల్లలు తక్కువ బరువుతో పుట్టారు, అంటే 14.7 శాతం, సుమారు ఏడుగురిలో ఒకరు. దక్షిణాసియాలో అయితే దాదాపు నలుగురిలో ఒకరు. 2012లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని 2025 కల్లా ఈ సమస్యని 30 శాతం తగ్గిస్తాం అని టార్గెట్ పెట్టుకున్నాయి. అప్పటికి రేటు 15 శాతం చుట్టూ ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత 14.7. కదిలిందా అంటే కదిలింది, అంతే.

## 2500 గ్రాముల గీత ఎవరు గీశారు

తక్కువ బరువు అంటే పుట్టినప్పుడు 2500 గ్రాముల కంటే తక్కువ తూగడం. ఎన్ని వారాలకు పుట్టినా సరే ఇదే లెక్క. 1500 కంటే తక్కువైతే చాలా తక్కువ బరువు, 1000 కంటే తక్కువైతే అత్యంత తక్కువ బరువు అంటారు.

ఈ 2500 అనేది ప్రకృతి పెట్టిన గీత కాదు. ఆర్వో ఇల్ప్యో అనే ఫిన్లాండ్ పిల్లల డాక్టరు 1919లో నెలలు నిండని పిల్లల్ని గుర్తించడానికి ఈ అంకె వాడారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే తీసుకుంది, 2500 లేదా అంతకంటే తక్కువ ఉంటే నెలలు నిండనట్టే అని. తర్వాత తెలిసిందేంటంటే నెలలు పూర్తిగా నిండి కూడా చిన్నగా పుట్టేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, దాంతో 1961లో 'నెలలు నిండని' అనే మాట తీసేసి 'తక్కువ బరువు' అని మార్చారు. 1976లో ఇంకో చిన్న సవరణ, '2500 లేదా తక్కువ' కాస్తా '2500 కంటే తక్కువ' అయింది. సరిగ్గా 2500 ఉన్న బిడ్డ అప్పట్నుంచి లెక్కలోకి రాదు. చూడటానికి చిన్న విషయమే గానీ తూకాల దగ్గరికి వెళ్లినప్పుడు ఇది ఎంత తేడా తెస్తుందో చివర్లో చూద్దాం.

## ఒకే ముద్ర, లోపల వేరే వేరే సమస్యలు

బిడ్డ చిన్నగా పుట్టడానికి రెండే దారులు: తొందరగా పుట్టడం, లేదా లోపల సరిగ్గా పెరగకపోవడం. కొంతమందిలో రెండూ ఉంటాయి. 37 వారాలు నిండకముందే పుడితే ప్రీటర్మ్. అదే వారాలకి పుట్టిన వందమంది ఆరోగ్యమైన పిల్లల్ని బరువు వరసలో నిలబెడితే కింది పదిమందిలో పడేవాళ్లని 'వారాలకు తగ్గ బరువు లేనివాళ్లు' అంటారు.

ముగ్గురు పిల్లల్ని ఊహించుకోండి. మొదటి బిడ్డ 34 వారాలకే పుట్టింది, 2300 గ్రాములు. ఆ వారాలకి ఆ బరువు చక్కగా సరిపోతుంది, ఎదుగుదలలో లోపమేమీ లేదు, ముందే వచ్చేయడమే సమస్య, ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాలేదు. రెండో బిడ్డ 39 వారాలకి పుట్టింది, తనూ 2300 గ్రాములే. ఈ బిడ్డ టైముకే వచ్చింది కానీ లోపల తిండో ఆక్సిజనో చాలలేదు. మూడో బిడ్డ 40 వారాలకి 2550 గ్రాములతో పుట్టింది. రికార్డులో ఈ బిడ్డ 'నార్మల్', కానీ 40 వారాలకి 2550 అంటే నిజానికి తక్కువే, లోపల ఎదుగుదల ఆగి ఉండొచ్చు. మొదటి ఇద్దరూ 'తక్కువ బరువు' అనే ఒకే గడిలో పడ్డారు, మూడో బిడ్డ అసలు లెక్కలోకే రాలేదు.

అందుకే ఈమధ్య పరిశోధకులు బరువు ఒక్కదాన్నే పట్టుకోకుండా నెలలు నిండనివాళ్లు, వారాలకు తగ్గట్టు పెరగనివాళ్లు, తక్కువ బరువువాళ్లు ముగ్గుర్నీ కలిపి చూడాలి అంటున్నారు. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాల వరుస ఇలాగే లెక్కేసి, ప్రపంచంలో పుట్టే ప్రతి నలుగురిలో ఒకరు ఈ కోవలోకి వస్తారని తేల్చింది. కానీ పేద పల్లెల్లో ఇది అమలు చేయడం అంత తేలిక కాదు. ఎన్నో వారం అనేది ఖచ్చితంగా తెలియాలంటే 24 వారాల లోపు ఒక స్కాన్ ఉండాలి, అది లేనిచోట ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చింది అని అడిగి తెలుసుకోవాల్సిందే, ఆ జ్ఞాపకంలో రెండు మూడు వారాల తేడా వస్తే మొదటి బిడ్డ రెండో బిడ్డలా, రెండో బిడ్డ మొదటి బిడ్డలా కనిపిస్తుంది.

## రిస్క్ ఉంది అంటే అదే కారణం అని కాదు

రిస్క్ ఫ్యాక్టర్ అంటే అది ఉన్నవాళ్లలో సమస్య ఎక్కువగా కనబడుతుంది అని మాత్రమే అర్థం. అదే కారణమా, లేక అసలు కారణం పక్కన నిలబడ్డ సాక్షా అన్నది వేరే తేల్చాలి.

దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ చెకప్‌లది. సర్వేలు దాదాపు అన్నిట్లోనూ తక్కువసార్లు చెకప్‌కి వెళ్లినవాళ్లకి తక్కువ బరువు పిల్లలు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెప్తున్న ప్రకారం మొత్తం ఎనిమిది చెకప్‌లు: 12, 20, 26, 30, 34, 36, 38, 40 వారాల్లో. ఇప్పుడు ఒకామె ఒక్కటి కూడా మిస్ కాకుండా వెళ్తూ 32వ వారంలో ప్రసవించింది అనుకోండి, ఆమె లెక్క నాలుగు దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే మిగతా నాలుగూ వచ్చే టైము రాలేదు. డేటాలో మాత్రం 'చెకప్‌లు సగమే, బిడ్డ బరువు తక్కువ' అని పడుతుంది. చెకప్‌లు పనికిరావని కాదు, బీపీ పెరుగుతోందా లేదా అన్నది పట్టుకునేది అక్కడే. ఆ అంకెని అలాగే చదివితే మాత్రం బోర్లా పడతాం.

రెండో చిక్కు, రిస్క్ ఎంత పెద్దది అన్నదానికీ అది ఎంతమందిలో ఉంది అన్నదానికీ తేడా. 1000 మంది గర్భిణులు ఉన్నారు అనుకుందాం, అంకెలు లెక్క కోసం ఊహించినవే. ఏ రిస్కూ లేకపోతే వందకి పదిమందికి తక్కువ బరువు బిడ్డ. ఒక తీవ్రమైన జబ్బు 20 మందికే ఉంది, ఉన్నవాళ్లలో ముప్పు మూడింతలు, వందకి 30. అంటే ఆ 20 మందిలో ఇద్దరి బదులు ఆరుగురు, అదనంగా పడింది 4. ఇంకోటి, తల్లి బక్కగా ఉండటం లాంటిది, 500 మందికి ఉంది, ముప్పు ఒకటిన్నర రెట్లే, వందకి 15. ఆ 500 మందిలో 50 బదులు 75, అదనం 25. డాక్టరు గదిలో కూర్చుని చూస్తే మొదటిదే భయంకరం, ఊరు మొత్తం మీద చూస్తే రెండోదే పెద్దది. పేద పల్లెల్లో జరిగేది ఇదే, ఒక్కొక్కటీ మోస్తరు రిస్కే గానీ సగం మందికి పైగా మోస్తుంటారు, అదీ రెండు మూడు కలిపి.

## కడుపు పండకముందే రాసి ఉన్నవి

తల్లి ఎత్తు, గర్భం దాల్చేనాటికి ఆమె బరువు, వయసు, కిందటి కాన్పుకీ దీనికీ మధ్య ఎడం. ఈ నాలుగూ మొదటి చెకప్‌కి వచ్చేసరికే ఖరారైపోయి ఉంటాయి, డాక్టరు మార్చగలిగింది ఏమీ ఉండదు.

ఎత్తు సంగతి చూడండి. 1938లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాల్నీ, పొట్టి షెట్లాండ్ గుర్రాల్నీ జత కట్టించారు. జన్యువులు చెరి సగమే కదా, మరి పిల్ల సైజు? తల్లి షైర్ అయితే పుట్టిన పిల్ల పెద్దది, తల్లి షెట్లాండ్ అయితే పిల్ల చిన్నది. తల్లి శరీరం తనకి పట్టేంతవరకే పెరగనిస్తుంది. మనుషుల్లోనూ ఇలాంటి కట్టడి ఉంటుందని తర్వాత చాలా ఆధారాలు వచ్చాయి. పేదరికంలో పుట్టి, చిన్నప్పుడు సరైన తిండి లేక, విరేచనాలతో పదే పదే నీరసించి, ఎదగాల్సినంత ఎత్తు ఎదగని అమ్మాయి తల్లయ్యేసరికి ఆ పాత లోటు బిడ్డ మీద కూడా పడుతుంది. అంటే ఇవాళ తూకంలో కనిపిస్తున్నదాంట్లో కొంత ఇరవై ఏళ్ల కిందటి సంగతి.

వయసుది కూడా ఇలాంటి కథే. పదహారు పదిహేడేళ్లకి ఆ పిల్ల ఒళ్లు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, తన ఎదుగుదలకీ కడుపులో బిడ్డ ఎదుగుదలకీ ఒకే కంచంలోంచి రావాలి. ఎడం విషయానికొస్తే ఒక కాన్పు అయ్యాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఈ మధ్యలో ఒళ్లు కోలుకోవాలి, పాలిచ్చిన శరీరంలో ఖాళీ అయిన ఐరన్ నిల్వలు మళ్లీ నిండాలి. కానీ గర్భనిరోధక సాధనాలు దొరకని చోట, దొరికినా ఆమె మాట చెల్లని చోట ఈ సలహా ఎవరికి చెప్పాలి అన్నదే పెద్ద ప్రశ్న.

## తిండి పెంచితే బరువు పెరుగుతుందా

అవును, కానీ అందరిలోనూ ఒకేలా కాదు.

1944-45 చలికాలంలో జర్మన్ సేనలు పడమటి నెదర్లాండ్స్‌కి ఆహారం రాకుండా అడ్డుకున్నాయి. అప్పటిదాకా బాగానే తిన్న జనం ఒక్కసారిగా కరువులో పడ్డారు. ఆఖరి మూడు నెలల్లో ఆ కరువు తగిలిన తల్లుల పిల్లలు సగటున 300 గ్రాముల దాకా తగ్గి పుట్టారు. తీవ్రమైన కరువు, అది కూడా కడుపులో బిడ్డ ఒళ్లు చేసే ఆఖరి నెలల్లో, అయినా తగ్గింది 300 గ్రాములు. తల్లి శరీరం తన నిల్వల్ని కరిగించి బిడ్డని కాపాడింది. పుట్టినప్పట్నుంచీ చాలీచాలని తిండితో పెరిగినామె దగ్గర కరిగించడానికి ఆ నిల్వలే ఉండవు, తేడా అక్కడొస్తుంది.

పల్లెల సంగతి ఇంకా సూటిగా చెప్పేది పశ్చిమ ఆఫ్రికా దేశం గాంబియాలో కెనెబా చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన ప్రయోగం. అక్కడ వానాకాలంలో, జూన్ నుంచి అక్టోబరు దాకా, పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాకముందు ఆకలి నెలలు. సరిగ్గా అప్పుడే పొలంలో పని కూడా ఎక్కువ. గర్భిణులకి రోజూ బలమైన వేరుశనగ బిస్కెట్లు ఇచ్చారు, 1997లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద బరువు సగటున 136 గ్రాములు పెరిగింది. విడదీసి చూస్తే ఆకలి నెలల్లో పుట్టినవాళ్లలో 201 గ్రాములు, పంట చేతికొచ్చాక పుట్టినవాళ్లలో 94. అవే బిస్కెట్లు, అవే ఊళ్లు, కానీ ఎప్పుడు ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఫలితం రెండింతలు మారిపోయింది. 'పౌష్టికాహారం పంచాం, పెద్దగా లాభం కనబడలేదు' అని ఎక్కడైనా చదివితే ముందు ఎవరికి, ఏ నెలల్లో ఇచ్చారు అని చూసుకోవాలి.

ఇంకో విషయం చాలామందికి నమ్మబుద్ధి కాదు. ప్రొటీన్ మంచిదే కదా అని ఎంతైనా పెంచొచ్చు అనుకుంటాం. ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే శక్తినీ ప్రొటీన్‌నీ సమపాళ్లలో ఇచ్చినప్పుడు వారాలకు తగ్గట్టు పెరగని పిల్లలు సుమారు 20 శాతం తగ్గారు, ప్రొటీన్ మోతాదు బాగా పెంచిన సప్లిమెంట్లతో మాత్రం అలాంటి పిల్లలు పెరిగే ప్రమాదం కనబడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తిండి చాలని జనాభాలో సమతూకం సప్లిమెంట్లని సిఫారసు చేస్తుంది, అధిక ప్రొటీన్‌వి వద్దంటుంది. విటమిన్లు, ఖనిజాలు పదిహేను దాకా కలిపిన మాత్రని వట్టి ఐరన్-ఫోలిక్ యాసిడ్‌తో పోలిస్తే తక్కువ బరువు కాన్పులు 12 శాతం దాకా తగ్గుతున్నాయి. మందు ఒకటే, ఇబ్బందల్లా ఆర్నెల్లు ఆగకుండా సరఫరా చేయడం.

## రక్తం, దోమ, మాయ

హిమోగ్లోబిన్ డెసీలీటరుకి 11 గ్రాముల కంటే తక్కువైతే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు. తీవ్రమైన రక్తహీనతకీ చిన్న బిడ్డలకీ సంబంధం స్పష్టంగానే ఉంది. తిరకాసు ఏంటంటే హిమోగ్లోబిన్ మరీ ఎక్కువగా ఉన్నా చిన్న బిడ్డలు ఎక్కువే. గర్భంలో రక్తంలోని నీటి భాగం బాగా పెరగాలి, అలా పెరిగినప్పుడు రక్తం కాస్త పలచబడి హిమోగ్లోబిన్ సహజంగానే తగ్గుతుంది. అది తగ్గకుండా ఎక్కువగా ఉండిపోయిందంటే ఆ పెరుగుదల సరిగ్గా జరగలేదేమో అని అనుమానించాలి. అందుకే కొద్దిగా తగ్గిన ప్రతి రిపోర్టూ చెడ్డది కాదు, 13 దాటిన ప్రతి రిపోర్టూ సంబరం కాదు.

మలేరియా ఉన్న ప్రాంతాల్లో కథ మాయ (ప్లాసెంటా) దగ్గర నడుస్తుంది. ఫాల్సిపారం రకం మలేరియా క్రిమి చొరబడిన ఎర్ర రక్తకణాలు ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ సాయంతో మాయకి అతుక్కుపోతాయి. అక్కడ వాపు వస్తుంది, తల్లి నుంచి బిడ్డకి ఆక్సిజన్, పోషకాలు వెళ్లే దారి మందగిస్తుంది. తల్లికి జ్వరం రాకపోవచ్చు, వేలి మీంచి తీసిన రక్తంలో ఏమీ కనిపించకపోవచ్చు, క్రిములు మాత్రం మాయలో దాక్కుని ఉంటాయి. తొలి కాన్పులో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే చిన్నప్పట్నుంచి మలేరియాతో పోరాడిన శరీరానికి కూడా మాయకి అతుక్కునే ఈ రకం కొత్తే, దీన్ని అడ్డుకునే శక్తి ఒకటి రెండు కాన్పుల తర్వాతే వస్తుంది. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువున్న చోట్ల గర్భం నాలుగో నెల నుంచి కనీసం మూడు డోసులు మందు, జ్వరం ఉన్నా లేకున్నా ఇచ్చేది ఇందుకే.

## పొయ్యి పొగ మీద తేలని గొడవ

సిగరెట్ విషయంలో వివాదం లేదు, గర్భిణి తాగితే బిడ్డ సగటున 150 నుంచి 250 గ్రాములు తగ్గుతుంది. నమిలే పొగాకు కూడా మంచిది కాదు. కట్టెల పొయ్యి దగ్గరికొచ్చేసరికి మాత్రం పండితుల మాటే కలవదు.

కట్టెలు, పిడకలతో వండే ఇళ్లలో చిన్న బిడ్డలు ఎక్కువ అని ఏళ్లుగా అధ్యయనాలు చెప్తూ వచ్చాయి. దాంతో ఇండియా, గ్వాటెమాలా, పెరూ, రువాండా పల్లెల్లో 3,200 మంది గర్భిణులతో పెద్ద ట్రయల్ చేశారు, సగం మందికి గ్యాస్ పొయ్యి, ఉచితంగా గ్యాస్. 2022లో ఫలితాలు వచ్చాయి. పొగ నిజంగానే తగ్గింది, పీల్చే గాలిలో సన్నటి ధూళి కట్టెల పొయ్యి వాళ్లకి ఘనపు మీటరుకి 70 మైక్రోగ్రాముల దాకా ఉంటే గ్యాస్ వాళ్లకి 24. బిడ్డ బరువులో తేడా మాత్రం 20 గ్రాములే, యాదృచ్ఛికం కాదని నమ్మకంగా చెప్పలేనంత చిన్నది.

దీన్ని కొందరు, పొగ ఎప్పుడూ అసలు దోషి కాదు, కట్టెలతో వండేది పేదవాళ్లు కాబట్టి పేదరికం చేసిన పని పొగ మీద పడింది అని చదివారు. ఇంకొందరేమో గ్యాస్ ఇచ్చేసరికే గర్భం తొమ్మిది నుంచి ఇరవై వారాలు, మాయ రూపుదిద్దుకునే కీలకమైన తొలి వారాలు అప్పటికే గడిచిపోయాయి, పైగా 24 అనేది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 మైక్రోగ్రాముల వార్షిక పరిమితికి ఎంతో పైన అన్నారు. నాకు రెండో వాదనలో బలం ఉందనిపిస్తుంది, కానీ గ్యాస్ పొయ్యి ఇస్తే చాలు బిడ్డ బరువు పెరిగిపోతుంది అని ఇక ఎవరూ ధీమాగా అనలేరు. ఊపిరితిత్తులకీ కళ్లకీ ఎలాగూ మేలే, అది వేరే సంగతి.

ఎండ, చాకిరీ మీద ఇప్పుడిప్పుడే గట్టి ఆధారాలు వస్తున్నాయి. పుణే దగ్గరి పల్లెల్లో గర్భంలో ఎక్కువ ఒళ్లు వంచిన ఆడవాళ్లకి చిన్న బిడ్డలు పుట్టినట్టు తేలింది. గాంబియాలో పొలం పని చేసే 92 మంది గర్భిణుల్ని పని మధ్యలోనే పరీక్షిస్తే, వేడి పెరిగే కొద్దీ కడుపులో బిడ్డ గుండె వేగంలోనూ బొడ్డుతాడు రక్తప్రవాహంలోనూ ఇబ్బంది గుర్తులు కనిపించాయి. విశ్రాంతి తీసుకోమని చెప్పడం ఎవరికైనా తేలికే, ఆ రోజు కూలి ఎవరిస్తారు?

## డబ్బు ఇవ్వాలా, తిండి ఇవ్వాలా

మూలం పేదరికమే అయితే డబ్బే ఇచ్చేద్దాం అనే వాదన ఉంది. మెక్సికోలో షరతులతో నగదు ఇచ్చే పథకంలోని తల్లుల పిల్లలు సుమారు 127 గ్రాములు ఎక్కువ తూగినట్టు 2008లో ఒక విశ్లేషణ వచ్చింది. విచిత్రంగా దాని రచయితలు, ఇది ఎక్కువ తినడం వల్ల కన్నా ఆసుపత్రిలో మెరుగైన సేవ అడిగి మరీ చేయించుకోవడం వల్ల వచ్చిన ఫలితం అన్నారు.

నేపాల్‌లోని ధనుష, మహోత్తరి జిల్లాల పల్లెల్లో ఇంకా సూటిగా పోల్చి చూశారు. కొన్ని ఊళ్లలో మహిళా బృందాల సమావేశాలు మాత్రమే, కొన్నిట్లో బృందాలతో పాటు గర్భిణికి నెలకి 750 నేపాలీ రూపాయలు, ఇంకొన్నిట్లో బృందాలతో పాటు నెలకి 10 కిలోల బలవర్ధక పిండి. 2018లో వచ్చిన ఫలితాల్లో, ఇవేవీ లేని ఊళ్లతో పోలిస్తే గట్టిగా నిలబడ్డ పెరుగుదల పిండి ఇచ్చిన ఊళ్లలోనే, 78 గ్రాములు. నగదు ఊళ్లలో 50 గ్రాముల దాకా పెరిగినట్టు కనబడినా అది నిజమైన తేడా అని గణాంకాలు భరోసా ఇవ్వలేదు. 'డబ్బు దండగ, తిండే మేలు' అని దీన్ని చదివేయడం తొందరపాటు, ఎందుకంటే ఆ రెండు అంకెల మధ్య దూరం కూడా అంత పెద్దది కాదు. అయితే ఒక మాట ఊహించొచ్చు, పిండి సంచి గర్భిణి పేరు మీద ఇంటికొస్తే అందులో కొంతైనా ఆమె కడుపులోకి వెళ్తుంది, నోటు వస్తే అది ఇంట్లో అందరిదీ, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి దాకా అది చేరాలంటే చాలా చేతులు దాటాలి.

## తూకం తప్పితే

పల్లెల్లో బిడ్డ బరువు కొలిచే పద్ధతిలోనే బోలెడు తేడాలు దూరతాయి. 100 గ్రాములకో గీత ఉండే స్ప్రింగ్ కాటాకి గుడ్డలో చుట్టిన బిడ్డని వేలాడదీస్తారు, బిడ్డ కాళ్లు తన్నుకుంటుంది, ముల్లు 2400కీ 2500కీ మధ్య ఊగుతుంది, రాసే చెయ్యి గుండ్రటి అంకె వైపు పోతుంది. రికార్డుల్లో సరిగ్గా 2500 దగ్గర పెద్ద గుంపు కనబడటం చాలా దేశాల్లో ఉన్నదే. 2460 ఉన్న బిడ్డని 2500 అని రాస్తే, 1976 సవరణ ప్రకారం ఆ బిడ్డ నార్మల్ ఖాతాలో పడిపోతుంది. దీనికి రివర్స్‌లో జరిగేది ఇంకోటుంది. తొలి రోజుల్లో పిల్లలు సహజంగానే కొంత బరువు తగ్గుతారు. 2600తో ఇంట్లో పుట్టిన బిడ్డని మూడో రోజు తూచేసరికి 7 శాతం తగ్గిందనుకోండి, కాటా చూపేది 2418.

ఇక అసలు తూకమే ఎక్కని పిల్లలు ఉన్నారు. ఒక జిల్లాలో 1000 కాన్పులు అనుకుందాం, ఇవీ ఊహించిన అంకెలే. 700 ఆసుపత్రిలో, అందులో 14 శాతం అంటే 98 మంది తక్కువ బరువు. మిగతా 300 ఇళ్లలో, వాళ్లలో నిజానికి 25 శాతం, అంటే 75 మంది, కానీ ఎవరూ తూచలేదు కాబట్టి జిల్లా రేటు 14 శాతమనే పేపర్లో వస్తుంది. వచ్చే ఏడాది ఇంటింటికీ తిరిగి అందర్నీ తూచడం మొదలెడితే 1000లో 173 మంది, రేటు 17.3 శాతం. ఒక్క తల్లి పరిస్థితి కూడా దిగజారలేదు, పని చేసింది ఆరోగ్య కార్యకర్తలు, తిట్లు పడేది కూడా వాళ్లకే, హెడ్‌లైన్ మాత్రం 'పెరిగిపోతున్న తక్కువ బరువు కాన్పులు' అని వస్తుంది.